ఫాల్అవుట్: నిప్పు పెట్టినవాళ్ళు, నీళ్ళు తోడినవాళ్ళు

పెట్టుబడిదారీ వ్యవస్థను తిట్టిన ప్రతి రచనా మనదే అనుకునే అలవాటు మనలో చాలామందికి వుంది. ఆ తిట్టు యెవరి నోట వచ్చింది, యెక్కడ మొదలై యెక్కడ ఆగింది, తిట్టడం అయిపోయిన తర్వాత రచయిత చూపు యెటు తిరిగింది అని విచారించకుండానే చప్పట్లు కొడతాం. 2024 ఏప్రిల్‌లో అమెజాన్ సంస్థ ప్రైమ్ వీడియో ద్వారా విడుదల చేసిన 'ఫాల్అవుట్' టెలివిజన్ సీరియల్‌ను గురించి మన విద్యార్థులు మాట్లాడుకుంటూ వుంటే నాకు ఈ అలవాటే గుర్తుకొస్తుంది. "ప్రపంచాన్ని తగలబెట్టింది కంపెనీలేనని ఇంత బాహాటంగా చెప్పిన సీరియల్ ఇంకొకటి చూపించండి" అని వాళ్ళ వాదం. ఆ మాటలో నిజం వుంది. నిజం వుంది గనుకనే దీన్ని వినోదం కింద కొట్టిపారేయకుండా పరిశీలించవలసి వస్తున్నది.

వీడియో గేమ్ నుంచి పుట్టిన సీరియల్‌కు ఇంత విచారణ యెందుకని కొందరు పెద్దలు అనవచ్చు. నవల కొత్తగా వచ్చినప్పుడు నవలను గురించీ, సినిమా కొత్తగా వచ్చినప్పుడు సినిమాను గురించీ అన్నమాటే ఇది. కోట్లమంది యువకులు తమ తీరిక వేళలన్నీ దేనిలో గడుపుతున్నారో దాన్ని చూడనని మొండికేసే విమర్శకుడు సమాజాన్ని గురించి మాట్లాడే హక్కును తానే వదులుకుంటున్నాడు. పైగా ఈ సీరియల్ విషయంలో ఆటను పక్కన పెట్టుకొని చూడకపోతే అసలు దోషమే బయటపడదు.

కథ స్థూలంగా ఇది. ఇక్కడి అమెరికా ఒక కల్పిత దేశం. అణుశక్తితో నడిచే కార్లూ ఇంటిపని చేసే రోబోలూ వచ్చాయి గాని వేషభాషలూ పాటలూ ప్రకటనలూ 1950ల దగ్గరే ఆగిపోయాయి. 2077 అక్టోబరు 23న అణుయుద్ధం జరుగుతుంది. వాల్ట్-టెక్ అనే కంపెనీ కట్టి అమ్మిన నేలమాళిగల్లో చోటు దొరికినవాళ్ళు మిగులుతారు. 2296లో, 33వ నేలమాళిగలో పుట్టి పెరిగిన లూసీ అనే యువతి, దుండగులు యెత్తుకుపోయిన తన తండ్రి హ్యాంక్‌ను వెతుక్కుంటూ పైకి వస్తుంది. పైన ఆమెకు ఇద్దరు తారసపడతారు. ఒకడు మాక్సిమస్, 'బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్' అనే సైనిక మఠంలో చేరిన అనాథ. రెండోవాడు కూపర్ హోవర్డ్. యుద్ధానికి ముందు హాలీవుడ్‌లో కౌబాయ్ వేషాలు వేసిన నటుడు. రేడియేషన్‌కు ముక్కు రాలిపోయి, చర్మం కమిలిపోయి, చావు మాత్రం రాక, తలలకు కట్టిన వెల కోసం మనుషుల్ని వేటాడుతూ రెండు శతాబ్దాలుగా బతుకుతున్న 'గూల్'.

సీరియల్‌లో అన్నిటికన్న బలమైన భాగం ఈ కూపర్ గతం. వాల్టన్ గాగిన్స్ నటన దానికి సగం బలం. మిగిలిన సగం ఇతివృత్తానిదే. కూపర్ భార్య బార్బ్ వాల్ట్-టెక్‌లో పెద్ద ఉద్యోగి. ఆమె మాట మీద అతను నేలమాళిగల ప్రకటనలకు తన మొహాన్ని అమ్ముకుంటాడు. బొటనవేలు పైకెత్తి నవ్వే భంగిమ కంపెనీ చిహ్నమవుతుంది. సీరియల్ మొదటి దృశ్యంలో అతను పేరు పోగొట్టుకొని, పిల్లల పుట్టినరోజు పండుగలో తాడు విద్యలు చూపించుకుంటున్నాడు. బొటనవేలు యెత్తి ఫొటో దిగమంటే ఒప్పుకోడు. కాసేపటికి తన కూతురికి అదే బొటనవేలికి వేరే అర్థం చెబుతాడు: పొగమేఘానికి యెదురుగా వేలు పెట్టి చూడు, మేఘం వేలికన్న చిన్నదిగా వుంటే పరుగెత్తు, పెద్దదైతే పరుగెత్తి ప్రయోజనం లేదు. సైనికుడికి నేర్పిన చావు లెక్కను కంపెనీ అమ్మకపు నవ్వుగా మార్చుకున్నది. ఇది నిజంగా మంచి శిల్పం. ఉపన్యాసం లేకుండా ఒక వేలితో ఇంత చెప్పడం అందరికీ చేతకాదు.

అతను నటించే కౌబాయ్ చిత్రం సంగతీ అంతే. షెరీఫ్ దుర్మార్గుణ్ణి చట్టానికి అప్పగించడం కాదు, అక్కడికక్కడే కాల్చి చంపాలని కథ మారుస్తారు. పాత రచయిత ఏమయ్యాడయ్యా అంటే కమ్యూనిస్టు అని తీసేశారు. ఇది వూహ కాదు. 1947లో అమెరికా ప్రతినిధుల సభా సంఘం హాలీవుడ్ రచయితలనూ దర్శకులనూ పిలిచి వాళ్ళ రాజకీయాలను విచారించింది. జవాబు చెప్పడానికి నిరాకరించిన పదిమంది తర్వాత జైలుకు పోయారు. ఆ తర్వాత యెందరికో పని దొరకకుండా పోయింది. ఒక రచయిత వుద్యోగం పోతే తెరమీద నాయకుడి నీతి ఎట్లా మారిపోతుందో సీరియల్ రెండు మాటల్లో చూపించింది.

చివరి భాగంలోని సమావేశ దృశ్యం మన విద్యార్థులు యెక్కువగా చెప్పుకునేది. కంపెనీల పెద్దలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. సంధి కుదిరితే నేలమాళిగల వ్యాపారం దివాలా. ఒక్కొక్క కంపెనీకీ కొన్ని నేలమాళిగలు ఇస్తాం, లోపలి మనుషుల మీద మీ ఇష్టమొచ్చిన ప్రయోగాలు చేసుకోండి అని బేరం. యుద్ధం వస్తుందన్న పూచీ యేమిటని ఒకరు అడిగితే, బాంబు మనమే వేయవచ్చునంటుంది బార్బ్. భర్త ఈ మాటలు దొంగచాటుగా వింటున్నాడు. మొదటి బాంబు యెవరు వేశారన్నది ఆటలు తేల్చకుండా వదిలేసిన ప్రశ్న. సీరియల్ కూడా మీట నొక్కిన చేతిని చూపించలేదు గాని, ఆ ఆలోచన పలికిన నోటిని చూపించింది. ఇది ముందడుగే.

ఈ వ్యంగ్యం అతిశయోక్తి అనేవాళ్ళకు కొన్ని సంగతులు గుర్తు చేయాలి. 1961 జూలై 25న బెర్లిన్ సంక్షోభం మీద ప్రసంగిస్తూ అధ్యక్షుడు కెనెడీ అణుధూళి నుంచి ప్రజలు తలదాచుకునే చోట్ల కోసం నిధులు అడిగాడు. ఆ వెంటనే ఇంటి దొడ్లో కట్టించుకునే నేలమాళిగలు అమ్మే వ్యాపారులు పుట్టుకొచ్చారు. వెస్ట్ వర్జీనియాలో గ్రీన్‌బ్రయర్ అనే విలాస హోటలు కింద చట్టసభ సభ్యుల కోసం రహస్యంగా కట్టిన నేలమాళిగ సంగతి 1992లో పత్రికల వల్ల బయటపడింది. కాన్సాస్‌లో పాత అణుక్షిపణి గోతిని కోటీశ్వరుల కోసం భూగర్భ నివాసాలుగా మార్చి అమ్మారు. వాల్ట్-టెక్‌ను సృష్టించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కర్లేదు.

ఐతే 1950ల నుంచి ఏమి తెచ్చుకున్నారో, ఏమి వదిలేశారో కూడా చూడాలి. తుపాకులు పేలి మనుషులు ముక్కలవుతూ వుంటే వెనక నాట్ కింగ్ కోల్, ఇంక్ స్పాట్స్ వంటి నల్లజాతి గాయకుల తియ్యని పాటలు వినిపిస్తాయి. కాని ఈ అమెరికాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ యెప్పుడూ వేరు బల్లల దగ్గర కూర్చున్నట్టే లేదు. 1956 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో వేదిక మీద పాడుతున్న కోల్ మీద తెల్లజాతి దురహంకారులు దాడి చేశారు. ఆ గొంతు పనికి వచ్చింది, ఆ గొంతు మీద పడిన దెబ్బ పనికి రాలేదు. నిజమైన శిథిలాలను కూడా ఇట్లాగే వాడుకున్నారు. కాలిఫోర్నియా ఎడారిగా చూపించిన దృశ్యాలలో కొన్ని నమీబియాలోని కోల్‌మన్‌స్కోప్‌లో తీశారు. జర్మన్ వలస పాలనలో వజ్రాల కోసం ఇసుకలో లేచిన వూరు అది. వజ్రాలు తరిగిపోయాక 1956 నాటికి మనుషులు పూర్తిగా ఖాళీ చేశారు. కంపెనీ వదిలేసిన వూరు కంపెనీల కథకు అద్దెకు దొరికింది. దాని సొంత కథ యెవరికీ అవసరం కాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నిప్పు పెట్టినవాణ్ణి ఇంత తెగువతో పట్టిచ్చిన ఈ సీరియల్, ఆ బూడిద మీద మళ్ళీ గోడ కట్టినవాళ్ళను, బావి తవ్వినవాళ్ళను ఎట్లా చూపించింది?

ఇక్కడే ఆట దగ్గరకు పోవాలి. మొదటి 'ఫాల్అవుట్' 1997లో వచ్చింది. ఇంటర్‌ప్లే అనే సంస్థలో టిమ్ కేన్ అనే యువకుడి చొరవతో తయారైంది. 13వ నేలమాళిగలో నీటిని శుద్ధిచేసే యంత్రానికి ఒక భాగం పాడైపోయింది. 150 రోజుల్లో అది వెతికి తేవాలని ఆటగాణ్ణి పైకి పంపిస్తారు. దారిలో మొదట తగిలే వూరి పేరు షేడీ శాండ్స్. 15వ నేలమాళిగ నుంచి బయటికి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. మట్టి గోడలు, మధ్య ఒక బావి, చుట్టూ పొలాలు, రెండు తలల ఆవులు. పొలంలో ఒక రైతు వుంటాడు. ఆటగాడికి కాస్త విజ్ఞానశాస్త్రం తెలిసివుంటే ఆ రైతుకు పంట మార్పిడి గురించి చెప్పవచ్చు. అంతే, పిడుగులూ రాక్షసులూ లేవు. కాని తర్వాతి సంవత్సరం వచ్చిన రెండవ ఆటలో, కథాకాలంలో ఎనభై సంవత్సరాల తర్వాత, ఈ పల్లె పెరిగి కొత్త కాలిఫోర్నియా రిపబ్లిక్‌కు రాజధాని అయింది. మొదటి ఆటలో కనిపించిన గ్రామపెద్ద కూతురు టాండీ ముసలితనంలో దానికి అధ్యక్షురాలు. అణుయుద్ధానంతర కథలు వేలు వున్నాయి. ఒక పల్లె రాజ్యంగా యెదగడాన్ని ఇంత ఓపికగా వూహించినవి అరుదు.

ఆట ఆ రిపబ్లిక్‌ను పూజించలేదు కూడా. 2010లో వచ్చిన 'న్యూ వెగాస్'లో రిపబ్లిక్ సామ్రాజ్యంగా మారుతున్నది. పన్నులు పెరిగాయి, సైన్యం తన శక్తికి మించి సరిహద్దులు పెంచుకుంటున్నది, పశువుల మందలు గల ఆసాములు ప్రభుత్వాన్ని చేతిలో పెట్టుకున్నారు. అంటే వర్గాలు మళ్ళీ పుట్టాయి, వైరుధ్యాలు మళ్ళీ పుట్టాయి. చరిత్ర ఎట్లా నడుస్తుందో తెలిసినవాళ్ళు రాసిన కథ అది. (ఈ మందల ఆసాములను ఆటలో 'బ్రాహ్మిన్ బారన్లు' అంటారు, రెండు తలల ఆవు పేరు 'బ్రాహ్మిన్' మరి. అమెరికాలో బ్రాహ్మన్ అనే పశుజాతి వుంది. భారతదేశం నుంచి పోయిన పశువులను అక్కడ కలిపి పెంచగా వచ్చిన ఆ జాతిలో మన ఒంగోలు గిత్తల రక్తమూ వుంది. 2008లో మూడవ ఆటను సాంస్కృతిక కారణాల పేరుతో మైక్రోసాఫ్ట్ మన దేశంలో విడుదల చేయలేదు. ఆవు పేరే కారణమని అందరూ అనుకున్నారు. బాంబు వల్ల కాదు, ఆవు వల్ల మనోభావాలు గాయపడతాయని వ్యాపారులు లెక్క వేశారన్నమాట.)

ఇప్పుడు సీరియల్‌లో షేడీ శాండ్స్ చూడండి. మనకు మొదట కనిపించేది ఒక పెద్ద గొయ్యి. వూరు బతికి వున్నప్పటి దృశ్యాలు కొన్ని క్షణాలు, అదీ యెవరి జ్ఞాపకంలోనో మెరిసి మాయమవుతాయి. అక్కడ ఎవరు ఏమి పండించారు, నీళ్ళు యెక్కణ్ణుంచి తెచ్చారు, తగవులు ఎట్లా తీర్చుకున్నారు? ఎనిమిది భాగాలలో ఒక్క ముక్క లేదు. పంటపొలం కనిపించేది ఒక్కచోటే: 33వ నేలమాళిగలో, ప్రొజెక్టరు గోడ మీద వేసిన దొంగ ఆకాశం కింద. కంపెనీ పొలం చూపించడానికి వ్యవధి వుంది, ప్రజల పొలం చూపించడానికి లేదు.

వూరు కాలిపోయిన తర్వాత మిగిలినవాళ్ళ గతి మరీ అన్యాయం. వాళ్ళు 4వ నేలమాళిగలో తలదాచుకుని, తమ నాయకురాలు మోల్డేవర్‌ను 'అగ్నిమాత'గా కొలుస్తూ బూడిదతో కర్మకాండ జరుపుతూ వుంటారు. లూసీ దాన్ని చూసి బిత్తరపోతుంది, ఆమెతో పాటు ప్రేక్షకుడూ నవ్వుకుంటాడు. రాజ్యాంగం రాసుకొని, అధ్యక్షుల్ని యెన్నుకున్న మనుషులు కొన్నేళ్ళు తిరక్కుండానే పిచ్చి భక్తులైపోయారట. శోకాన్ని హాస్యం చేయడం తప్పని నేననను. ఈ సీరియల్ హాస్యం చాలాచోట్ల చురుకైనదే. కాని యెవరి శోకాన్ని హాస్యం చేస్తున్నామన్న విచక్షణ వుండాలి. బాంబు వేసిన దొరల దుఃఖం వచ్చేసరికి సీరియల్ గంభీరంగా, కెమెరా మొహాల దగ్గరగా వుంటుంది.

ఆ వూరు యెవరివల్ల పోయింది? రహస్యం ఇది. 31వ నేలమాళిగలో మనుషులు లేరు; వాల్ట్-టెక్ చిన్న అధికారులు శీతల పేటికల్లో నిద్రపోతున్నారు. 32, 33 నేలమాళిగల జనం వాళ్ళకు సంతానం కోసం పెంచిన మంద. అధికారులు ఒక్కొక్కరే మేల్కొని వచ్చి ఆ జనం మీద పాలకులవుతారు. పోటీదారులందరూ చచ్చేదాకా నిద్రపోయి, తర్వాత లేచి ఖాళీ భూమిని స్వాధీనం చేసుకోవాలని పథకం. లూసీ తండ్రి హ్యాంక్ అట్లా లేచివచ్చినవాడే. అతని భార్య రోజ్ పైన నాగరికత వుందని కనిపెట్టి పిల్లల్ని తీసుకొని షేడీ శాండ్స్‌కు వెళ్ళిపోయింది. హ్యాంక్ వచ్చి పిల్లల్ని తీసుకుపోయి, వూరి మీద అణుబాంబు వేశాడు.

ఈ అధికారుల పథకం గొప్ప వ్యంగ్యం. గుత్తపెట్టుబడి కోరేది మార్కెట్టు కాదు, పోటీ లేని శ్మశానం అన్న సంగతి ఇంతకన్న సూటిగా చెప్పలేం. హ్యాంక్ వూరిని తగలబెట్టడంలో కూడా ఈ తర్కం వుంది. తమకు సంబంధం లేకుండా మనుషులు బాగుపడడాన్ని కంపెనీ సహించలేదు. అది రచయితలకు తెలుసు, పాత్రల చేత చెప్పించారు కూడా. కాని చెప్పించడం వేరు, చూపించడం వేరు. తెర మీద మనం చూసేది లేచిపోయిన భార్య, పగబట్టిన భర్త, మోసపోయిన కూతురు. ఒక రిపబ్లిక్ పతనం దంపతుల తగాదాలో ఒక ఘట్టమైపోయింది. చివరి భాగంలో లూసీ కన్నీళ్ళు తండ్రి అబద్ధం కోసం, తల్లి దుర్గతి కోసం. కాలిపోయిన వేలమంది కోసం యేడ్చేవాడు మాక్సిమస్ ఒక్కడు. అతనా వూళ్ళో పుట్టినవాడు. అతని దుఃఖాన్ని కూడా బ్రదర్‌హుడ్ కవచంలో దాచేశారు. కంపెనీ సమావేశమూ అంతే. దాన్ని భార్యను అనుమానించిన భర్త చెవితో మనం వింటాం. ప్రపంచ వినాశనం కన్న ఒక కాపురం చెడిపోవడమే అక్కడ యెక్కువ గాయం చేస్తుంది.

మోల్డేవర్ పాత్రలో ఈ లోపాన్ని సరిదిద్దుకునే అవకాశం వుండింది. సరితా చౌదరి ఆ పాత్రకు హుందాతనం తెచ్చింది. ఆమె యుద్ధానికి ముందే కంపెనీలను యెదిరించిన శాస్త్రజ్ఞురాలు. కమ్యూనిస్టు అన్న ముద్ర ఆమె మీదా పడింది. ఆమె జీవితమంతా ఒక్క ఆశయం: కోల్డ్ ఫ్యూజన్ పరికరంతో అందరికీ అంతులేని విద్యుత్తు ఇవ్వడం. వాల్ట్-టెక్ దాన్ని కొనేసి దాచేసింది. చివర్లో గ్రిఫిత్ వేధశాల దగ్గర రిపబ్లిక్ సైనికుల్లో మిగిలిన కొద్దిమంది బ్రదర్‌హుడ్ చేతిలో చచ్చిపోతూ వుంటే ఆమె మీట నొక్కుతుంది. లాస్ ఏంజెలెస్ శిథిలాల్లో దీపాలు వెలుగుతాయి. అందమైన దృశ్యమే. కాని ఆ దీపాల కింద యెవరున్నారు? 1920లో లెనిన్ దేశమంతటా విద్యుత్తు అన్నప్పుడు దానికి సోవియట్ల అధికారాన్ని జతచేసి అన్నాడు. ఇక్కడ కరెంటు వచ్చింది, జనం రాలేదు. పంట మార్పిడి ఒక మనిషి ఇంకొక మనిషికి చెప్పి, ఆ రెండోవాడు నాగలి పట్టి, ఏడాది ఆగితే గాని ఫలించదు. మంత్రం లాంటి మీటకు ఆ బాధ లేదు. ఆమె చనిపోగానే ఆ వెలుగు బ్రదర్‌హుడ్ ఆస్తి అయిపోయింది.

అమెజాన్ కంపెనీయే కంపెనీలను తిట్టే సీరియల్ తీయడం గొప్ప వైరుధ్యమని కొందరు మురిసిపోతున్నారు. వైరుధ్యమేమీ లేదు. తిట్టు కూడా సరుకే. సీరియల్ రాగానే పాత ఆటల అమ్మకాలు పెరిగాయి. ఆ ఆటల హక్కులు గల సంస్థను మైక్రోసాఫ్ట్ 2021లో సుమారు 750 కోట్ల డాలర్లకు కొనుక్కుని వున్నది. అదే సంస్థ 2015లో చేతి ఫోను కోసం 'ఫాల్అవుట్ షెల్టర్' అనే ఆట తెచ్చింది. అందులో ఆటగాడు నేలమాళిగకు అధికారి. మనుషుల్ని గదుల్లో పనికి పెట్టాలి; ఆడ, మగ జంటను ఒక గదిలో వుంచితే పిల్లలు పుడతారు; జనాభా పెరిగితే గదులు పెంచుకోవచ్చు. వేగంగా పెరగాలంటే డబ్బు పెట్టి బహుమతుల పెట్టెలు కొనుక్కోవచ్చు. సీరియల్ వచ్చిన తర్వాత లూసీ, మాక్సిమస్, గూల్ పాత్రలను కూడా అందులో చేర్చారు. సీరియల్‌లో 31వ నేలమాళిగ అధికారులు చేసిన నేరమూ, ఫోనులో మనం సరదాగా చేసే పనీ ఒకటే. ప్రేక్షకుడు ఒక కంటితో అసహ్యించుకొని ఇంకొక కంటితో ఆడుకుంటాడు. రెండిటికీ డబ్బు ఒకచోటికే పోతుంది.

2025 డిసెంబరులో మొదలైన రెండవ భాగం హ్యాంక్‌ను వెంటాడుతూ న్యూ వెగాస్ దారి పట్టింది. జూదగృహాలూ వాటి యజమానులూ తెరకు వచ్చారు. షేడీ శాండ్స్ గొయ్యి గొయ్యిగానే వున్నది. సీరియల్ చూసి వుద్రేకపడిన విద్యార్థులను 1997 నాటి ఆట ఒకసారి ఆడి చూడమని నేను అడుగుతున్నాను. బొమ్మలు మోటుగా వుంటాయి, నడక మందం, ఇవాళ్టి కంప్యూటర్లకు అది లెక్కలోకి రాని బరువు. వూళ్ళోకి పోయి పొలంలో ఆ రైతును పలకరించండి. విజ్ఞానశాస్త్రంలో నైపుణ్యం చాలకపోతే మాత్రం పంట మార్పిడి మాట ఆట మీ చేత అనిపించదు.